పద్నాలుగు సెకన్లు

నా చేతులు రెండూ జొన్నపిండిలో ఉండగా మా ఆయన రాజశేఖర్ నా పేరు మీద వచ్చిన కవరు చింపి చదవడం మొదలుపెట్టాడు. రిజిస్టరు పోస్టు. ముందురోజు మధ్యాహ్నం మా అత్త అంజనమ్మ తీసుకుని టీవీ వెనక పెట్టి మరిచిపోయిందట. తెల్లవారి ఐదున్నరకు, పెనం మీద రొట్టె పొంగుతుండగా గుర్తొచ్చింది. కవరు మీద మహాదేవి అని అంత పెద్ద అక్షరాలున్నా, అది ఎవరు తెరవాలన్న అనుమానం ఈ ఇంట్లో ఎవరికీ రాదు. నా జీతం కాగితమైనా, నా రక్తపరీక్ష రిపోర్టయినా ఆయన చూశాకే నాకు చేరుతుంది. ఆయన దాన్ని పేపర్లో వార్త చదివినట్టు గట్టిగా చదివాడు. విధి నిర్వహణలో రోగి బంధువు పట్ల అసభ్యంగా ప్రవర్తించి, అతని ఫోను ధ్వంసం చేసి, నడిదారిలో వాహనం నుంచి దింపివేసినందుకు మీపై క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోరాదో ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలసింది. ఏడో రోజున కర్నూలు కార్యాలయంలో విచారణకు హాజరు కావలసింది. తప్పు రుజువైతే మీ లైసెన్సు రద్దుకు సిఫారసు చేయబడును.

చదవడం అయ్యాక ఆయన కాగితాన్ని నాలుగు మడతలు వేసి తన జేబులోనే పెట్టుకున్నాడు.

"ఏం చేసి పెట్టినావో సూడు," అన్నాడు. తర్వాత, "రొట్టె మాడిపోతాంది," అన్నాడు.

వాకిట్లో కూర్చున్న మా అత్త అందుకుంది. "నేను సెప్పలే? ఆడదానికి ఆ అంబులెన్సు బండ్లల్లో తిరిగే పనేందని నేను మొదట్నుంచీ సెప్తానే ఉండా." ఆ మాట అంటూనే చీర కొంగు తొలగించి చెయ్యి నా వైపు చాపింది. రోజూ ఆ వేళకు ఆమెకు ఇన్సులిన్ సూది వేసేది నేనే. చేతులు కడుక్కుని వచ్చి వేశాను. "మెల్లగ," అంది.

ఆరున్నర బస్సు పోతే ఎనిమిదికి ఎమ్మిగనూరులో డ్యూటీ అందుకోలేను. ఇంకా ఆరు రొట్టెలు తట్టాలి, చెనక్కాయల పొడి దంచాలి, మూడు డబ్బాలు కట్టాలి. లైసెన్సు రద్దు అన్న మాట నా చెవిలో పడి లోపలికి దిగడానికి కూడా తీరిక లేకపోయింది. అది బస్సు ఎక్కి, కిటికీ పక్కన సీటు దొరికి, ఆదోని దాటి పత్తి చేలు కనబడ్డాక అప్పుడు దిగింది. టెక్నీషియన్‌గా పన్నెండేళ్ల పని. పెళ్లయ్యాక, బిడ్డ పుట్టాక, ఇంట్లో అందరి చేతా మాటలు పడుతూ చదివి తెచ్చుకున్న లైసెన్సు.

ఆ కవరు రాకముందే పది రోజులుగా నేను ఊరందరి ఫోన్లలో ఉన్నాను. పద్నాలుగు సెకన్ల వీడియో. తెర నిండా నా ముఖం. చెమటకు నుదుటికి అంటుకున్న వెంట్రుకలు, గడ్డం కిందికి జారిన మాస్కు. "దించురా ఫోను! బుద్ధుండాదా నీకి? దిగు కిందికి!" అని అరుస్తుంటాను. నా చెయ్యి ముందుకొస్తుంది, తెర నల్లబడుతుంది. అంతే. ప్రాణాలు కాపాడాల్సిన వాళ్ల ప్రవర్తన చూడండి అని కింద ఎవరో రాశారు. మా ఆయన గుమాస్తాగా పనిచేసే పత్తి మండీలో హమాలీల దాకా అందరూ చూశారు. ఎమ్మిగనూరు బస్టాండులో టీ పోసేవాడు నాకు గ్లాసు ఇస్తూ, "అక్కా, అరవొద్దు మల్ల," అని నవ్వాడు. తొమ్మిదో తరగతి చదివే మా భారతి బడి ఆటోలో చూసి వచ్చింది. ఇంటికి రాగానే నా దగ్గర కూర్చుని, "అమ్మా, నువ్వేనా అది?" అంది. నేనే అన్నాను. "ఎందుకమ్మా, అంత కోపం ఎందుకొచ్చింది నీకు?" అని అడిగింది. ఎందుకు అరిచినావు అని చాలామంది అడిగారు. ఎందుకో నిజంగా తెలుసుకోవాలని అడిగింది మాత్రం అదొక్కతే.

దానికి చెప్పినంత మటుకు ఇక్కడా చెబుతాను.

ఆగస్టు నెల, పత్తి చేలో కలుపు తీసే రోజులు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. దేవనకొండ దారిలోని ఒక పల్లె నుంచి ఫోన్ వచ్చింది. దగ్గరి బండి ఇంకో కేసులో ఉంటే మమ్మల్ని పంపారు. బండి నడిపేది ఉస్మాన్ సాబ్. ఇంకో ఏడాదిలో పని చాలించే మనిషి, నన్ను ఏనాడూ అమ్మా అని తప్ప పిలవనివాడు. పోయేసరికి చేలోనే నొప్పులొచ్చిన పుష్పను గట్టు మీద పడుకోబెట్టి ఉన్నారు. ఇరవై రెండేళ్లుంటాయి. తొలి కాన్పు. మొగుడు బెంగుళూరులో కట్టడం పనికి పోయాడు. పక్కన ఆమె తల్లి ముత్తమ్మ, మొగుడి అన్న ఉదయ్ ఉన్నారు. పుష్పను స్ట్రెచర్ మీద లోపలికి ఎక్కించాక ముత్తమ్మ కూతురి పక్కన కూర్చోబోతే ఉదయ్ ఆపాడు. "నువ్వు ముందర కూర్సో. లోపల మొగోడు ఒకడుండాల," అని ఆమెను ఉస్మాన్ సాబ్ పక్కకు పంపి తాను లోపలికి వచ్చాడు. అప్పుడే నేను వద్దని ఉండాల్సింది. తొందరలో అనలేదు. నోటీసులో ఆ తప్పు లేదు గాని, నన్ను నేను రోజూ అడుక్కునేది దాని గురించే.

ఆదోని దారి పట్టి నాలుగు కిలోమీటర్లు పోయామో లేదో బిడ్డ తల కనబడింది. ఇంక ఆసుపత్రి దాకా ఆగదని తెలిసిపోయింది. నేను చేతులకు తొడుగులు వేసుకుని, కత్తెర, క్లిప్పులు, గొంతులో నీరు లాగే గొట్టం అన్నీ పక్కన పెట్టుకుని తలెత్తితే ఉదయ్ ఫోను పట్టుకుని ఉన్నాడు. ఫోను దీపం కూడా వేశాడు. అది పుష్ప ముఖం మీద లేదు.

"అన్నా, ఫోను పక్కన పెట్టన్నా," అన్నాను.

"తమ్మునికి సూపియ్యాలక్కా. వాడు ఈడ ల్యాడు గదా."

"తర్వాత బిడ్డను తీద్దువులే. ఇప్పుడు ఆ పక్కకు తిరుగు."

"నీ పని నువ్వు సూస్కో."

మూడోసారి, వద్దన్నా, ఆమె ఒప్పుకోదు అన్నాను. ఆమె మా ఇంటి మనిషి, నువ్వేంది ఒప్పుకునేది అన్నాడు. పుష్ప ఒక చేత్తో స్ట్రెచర్ కమ్మీ పట్టుకుని ఇంకో చేత్తో లంగా అంచు కిందికి లాక్కుంటోంది. "అక్కా... ఆయప్పను..." అంది. తర్వాత ఆమె చేసిన పని నేను పన్నెండేళ్లలో చూడలేదు. ముక్కడం ఆపేసింది. నొప్పి వచ్చినా పళ్లు బిగబట్టి మోకాళ్లు రెండూ దగ్గరికి లాక్కుంది. బిడ్డ తల బయట, ఒళ్లు లోపల. మెడకు బొడ్డుతాడు చుట్టుకుని ఉంది, నా వేలికి తగులుతోంది. తన ప్రాణం పోయినా సరే బావ ముందు కాళ్లు తెరవనని పుష్ప ఒళ్లు బిగించుకుంది. అప్పుడు అరిచాను. ఫోను లాక్కున్నాను. "ఉస్మాన్ సాబ్, బండి ఆపండి," అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు, పక్కకు తీసి ఆపాడు. ఉదయ్‌ను దింపి, ఫోను అతని వెంట విసిరి, ముత్తమ్మను లోపలికి ఎక్కించి తలుపు వేశాను. మొత్తం ఒక్క నిమిషం పట్టి ఉంటుంది. తలుపు పడిన శబ్దం వినగానే పుష్ప మోకాళ్లు వదిలింది. తాడు రెండు చుట్లూ తప్పించాను. బిడ్డ నీలంగా వచ్చింది, చప్పుడు లేదు. గొంతులో నీరు లాగి, వీపు రుద్ది, అరికాళ్లు తట్టాను. ముత్తమ్మ దేవుళ్లందర్నీ పిలుస్తోంది. తర్వాత బిడ్డ సన్నగా మొదలుపెట్టి గట్టిగా ఏడ్చింది. ఆడపిల్ల. ఆదోని ఆసుపత్రిలో తల్లినీ బిడ్డనూ అప్పగించి, కేసు కాగితం మీద బంధువును దారిలో దింపేశాను అని ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాను.

ఫోను అద్దం పగిలింది గాని లోపలి వీడియో పోలేదు. ఉదయ్ దాని చివరి పద్నాలుగు సెకన్లు కోసి ఊరికి వదిలాడు. బండ్లు నడిపే మా కంపెనీకి ఫిర్యాదు కూడా రాశాడు.

ఇదంతా మా ఆయనకు ఆ రోజే చెప్పాను. అన్నం తింటూ విన్నాడు. "వాడు తీస్తే నీకేం పోయింది? నిన్ను తీసినాడా? వాళ్లింటి ఆడది, వాళ్లు వాళ్లు సూసుకుంటారు," అన్నాడు. కొంచెం సేపయ్యాక, "మర్యాదగా సెప్పలేకపోయినావా?" అన్నాడు. ఆ మాట దగ్గర నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మర్యాదగా చెప్పడం నాకు రాదా? పదిహేనేళ్లుగా నేను చేస్తున్నది మర్యాదగా చెప్పడమే. తడి తువ్వాలు పరుపు మీద వేయొద్దండీ అని మర్యాదగా చెప్పాను, ఈ రోజు కూడా పరుపు తడిగానే ఉంది. నాకు నెల నెలా వచ్చే మూడు రోజులు బండిలో పన్నెండు గంటలు కూర్చోవడం కష్టం, ఆ పూటకు వంట మీరు చూడండి అని చెప్పాను, హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చి ఆ కథ ఏడాది పాటు చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. పనిలోనూ అంతే. దసరాకు కర్రలతో కొట్టుకునే దేవరగట్టు ఉత్సవంలో డ్యూటీ వేస్తే పగిలిన తలలకు కట్లు కడుతూ పోయాను, తాగినవాడొకడు నా చెంప మీద కొట్టాడు. నోటీసు ఎవరికీ పోలేదు. పోనీలేమ్మా, పండగ గదా అన్నారు. మూడుసార్లు అన్నా అన్నా అని బతిమాలింది వీడియోలో లేదు. నాలుగోసారి అరిచింది ఉంది. మా ఆయనకు కనబడేవీ ఆ పద్నాలుగు సెకన్లే. ఆయన ఫోనులో కూడా ఉన్నాయి, తమ్ముడికి పంపాడు, భారతి చూసి నాకు చెప్పింది.

నోటీసు వచ్చిన మూడో రోజు సెలవు పెట్టి పుష్ప దగ్గరికి పోయాను. ఆమె ఒక ముక్క రాసిస్తే చాలు, నా పని సులువవుతుంది అనుకున్నాను. ముత్తమ్మ ఇల్లు రేకుల ఇల్లు. పుష్ప మూలన మంచం మీద బిడ్డకు పాలిస్తోంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. బిడ్డను నా ఒళ్లో పెట్టింది. నీలం రంగు ఎక్కడా లేదు, నల్లగా నిగనిగలాడుతూ ఉంది. ముత్తమ్మ టీ పెట్టడానికి బయటికి పోగానే పుష్ప గొంతు తగ్గించింది.

"అక్కా, ఊర్లో తిరుగుతాండేది నీదొక్కటే గదా? నాది యాడా ల్యాదు గదా?"

"లేదు," అన్నాను. అప్పటికి నాకు తెలిసింది అంతే.

"మా బావ ఫోన్లో ఉండాది. అంతా ఉండాది. నాకి అన్నం దిగడం ల్యా అక్కా. మా ఆయనకి సెప్తే, మా అన్న కావాలని సేసినాడా, నాకి సూపియ్యాలనే గదా అంటాడు. నీ పని కోసరం ఆ వీడియో తెప్పిచ్చి ఎవురికీ సూపియ్యొద్దక్కా. నీ దండం పెడతా."

ముత్తమ్మ టీ తెచ్చి నా ముందు కూర్చుంది. "తల్లీ, నీకి అన్యాయం జరిగినాదని మాకి తెలుసు. కానీ దీన్ని మల్ల ఆ ఇంటికే పంపాల గదమ్మా," అంది. నేను ఏమీ అడగకముందే అంది. నేను టీ తాగి, బిడ్డ తల నిమిరి, ఎవరికీ చూపించనని పుష్పకు మాటిచ్చి బస్సెక్కాను. కాగితం తెచ్చుకోలేదు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. బస్సు ఎమ్మిగనూరు చేరేదాకా ఆమె మీద కోపంగానే ఉన్నాను. ఊరు దాటాక, ఆమె మీద ఎందుకు, అనిపించింది. అనిపించినా పూర్తిగా పోలేదు.

ఆ రాత్రి సంజాయిషీ నేనే రాసుకున్నాను. ఒక్క పేజీ. జరిగింది జరిగినట్టు. పొద్దున్నే పోస్టులో వేస్తానంటే మా ఆయన, "విచారణ రోజు నీ చేత్తోనే ఇయ్యి. తొందరేముంది," అన్నాడు. ఎన్నడూ లేనిది ఆయన గొంతు మెత్తగా ఉంది. నాకు తోడుగా ఉన్నాడనుకున్నాను. కర్నూలు బస్సులో నాకు తినడానికి అరటిపళ్లు కూడా కట్టిచ్చాడు.

కర్నూలు ఆఫీసులో బల్లకు ఆ పక్క ముగ్గురు మగవాళ్లు. జిల్లా మేనేజరు, ఒక డాక్టరు, లైసెన్సుల వ్యవహారం చూసే పెద్దాయన. ఉస్మాన్ సాబ్ నాకంటే ముందే వచ్చి తన మాట చెప్పి బయట బెంచీ మీద కూర్చున్నాడు. "పరేషాన్ గావొద్దమ్మా. నేను ముందుకు సూసి బండి నడుపుతుండా, కానీ నువ్వు మూడుసార్లు సెప్పింది ఇన్నా. అదే సెప్పినా," అన్నాడు. లోపలికి పోగానే మేనేజరు నన్ను కూర్చోమన్నాడు. నవ్వు ముఖంతో ఉన్నాడు.

"మీ లెటర్ అందింది మేడమ్. మంచి పని చేశారు. తప్పు ఒప్పుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. హెచ్చరికతో సరిపెడదామని మేం అనుకుంటున్నాం. రేపటి నుంచి మామూలుగా డ్యూటీకి వెళ్లొచ్చు."

నా కాగితం ఇంకా నా సంచిలోనే ఉంది. "ఏ లెటరు సార్?" అన్నాను.

ఆయన ఫైలు తిప్పి నా ముందు పెట్టాడు. ఆ రాత తెలియకపోవడం ఏముంది, పదిహేనేళ్లుగా చూస్తున్నదే. ఆ రోజు ఇంటి సమస్యల వల్ల నా మనసు సరిగా లేదని, ఆడమనిషిని కావడం వల్ల ఆవేశాన్ని అదుపు చేసుకోలేకపోయానని, ఫిర్యాదు చేసిన పెద్దమనిషికి బేషరతుగా క్షమాపణ చెప్పుకుంటున్నానని అందులో ఉంది. కింద నా సంతకం. మాదేవి అని ఉంది. ఇంట్లో ఆయన నన్ను పిలిచేది అలాగే. నా పేరులో హ ఒకటి ఉందని ఆయనకు తోచనే లేదు.

ఆ కాగితం రెండోసారి చదివాను. ఊరుకుంటే చాలు. ఒక హెచ్చరిక, రేపు ఎనిమిదికి ఎమ్మిగనూరు, మళ్లీ నా బండి, నా పని. లైసెన్సు ఉంటుంది. ఇంట్లో గొడవ ఉండదు, ఆయన గెలిచినట్టు నాలుగు రోజులు సంతోషంగా కూడా ఉంటాడు. కానీ ఆ కాగితంలో ఆడమనిషిని కావడం వల్ల అని ఉంది. రేపు ఇంకో బండిలో ఇంకో పిల్ల ఎవరి ముందో మోకాళ్లు ముడుచుకుంటే, అక్కడున్న టెక్నీషియన్ అరవాలా వద్దా అని ఈ ఫైలు చూసి నేర్చుకుంటుంది. నా పేరు మీద నేర్చుకుంటుంది.

"ఈ సంతకం నాది కాదు సార్," అన్నాను.

మేనేజరు నవ్వు ఆగిపోయింది. "మీ ఇంటాయనే తెచ్చి ఇచ్చారు మేడమ్. మీ ఫైల్లో ఆయన నంబరే ఉంది. నేనే ఫోన్ చేసి, మీకు మేలు జరగాలని..."

"ఆయన రాసినాడు, ఆయనే సంతకం పెట్టినాడు. నేను రాసింది ఇది," అని నా పేజీ బల్ల మీద పెట్టాను.

డాక్టరు దాన్ని తీసుకుని చదివాడు. చదివి మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కుర్చీలో ముందుకు జరిగాడు. "అలా అయితే పూర్తి విచారణ చేయాలి. చూడండి, మూడుసార్లు చెప్పానని మీరు రాశారు. దానికి రుజువు ఉంది. ఫిర్యాదుతో పాటు అసలుది కూడా కావాలని మేం అడిగితే మొత్తం వీడియో ఇచ్చాడతను. ఆరు నిమిషాలది. నేను చూశాను. నిజం చెప్పాలంటే అది మీకే అనుకూలం," అంటూ లాప్‌టాప్ తెరిచి పెద్దాయన వైపు తిప్పాడు.

నేను చూశాను అని ఎంత తేలిగ్గా అన్నాడు. ఎవరికీ చూపించనని నేను మాటిచ్చినప్పటికే అది ఈయన దగ్గర ఉంది. లేచి వెళ్లి లాప్‌టాప్ మూత దించాను. నా చెయ్యి దాని మీదే ఉంచాను.

"ఇది ఎవరూ చూడకూడదనే గదా సార్ నేను ఫోను లాక్కున్నది. మీరు ముగ్గురూ కూర్చుని చూసి నాది తప్పు కాదంటే నాకు అక్కర్లేదు. ఆ పిల్లను అడగకుండా తీసిందిది. దీన్ని ఈడ వేస్తే, ఎవరెవరు చూసినారో వాళ్ల పేర్లు కూడా రాసి పోలీసులకు ఇస్తాను."

"బెదిరిస్తున్నారా?" అన్నాడు మేనేజరు.

"చెప్తాండాను సార్," అన్నాను. "ఈసారి మర్యాదగానే చెప్తాండాను."

డాక్టరు గొంతు సవరించుకుని, వీడియో అవసరం లేదు, పక్కన పెట్టండి అన్నాడు. ఆయనకైనా సిగ్గేసిందో, పేరు రాస్తానన్నందుకో నాకు తెలియదు. బయట కూర్చోమన్నారు. గంట తర్వాత కాగితం చేతికిచ్చారు. రుజువు సమర్పించడానికి నిరాకరించినందున, విచారణ సంఘంతో దురుసుగా మాట్లాడినందున రెండు నెలలు సస్పెన్షన్. లైసెన్సు విషయం పై అధికారులకు నివేదించబడును. ఉస్మాన్ సాబ్ ఆ కాగితం చదివించుకుని, తన టిఫిన్ డబ్బా తెరిచి నా ముందు పెట్టాడు. ఇద్దరం తిన్నాం.

ఆ సాయంత్రం ఇంట్లో నేను చెప్పేలోపే ఆయనకు ఫోన్ వచ్చేసింది. "నన్ను దొంగను సేసినావు. నీ కోసమే గదా రాసింది! ఊరుకుంటే నీ సొమ్మేం పోయింది?" అని అరిచాడు. ఎవరి పెండ్లామో సిగ్గుపడిందని మొగుడి పరువు బజారులో పెట్టినావు అంది మా అత్త. మామూలుగా అయితే ఆ ఒక్కో మాటకూ ఒక్కో జవాబు వెతికేదాన్ని. ఎందుకన్నానో, ఎలా అన్నానో, ఏ ఉద్దేశంతో అన్నానో వరసగా చెప్పుకుంటూ వచ్చేదాన్ని. ఆ రోజు కంచంలో అన్నం పెట్టుకుని తిన్నాను. తిని చెయ్యి కడుక్కుని, "నా పేరు మీద ఇంక దేనికీ సంతకం పెట్టొద్దు," అన్నాను. అంతే అన్నాను. మరునాడు పొద్దున మా అత్త చెయ్యి చాపితే ఆయన్ను పిలిచి సూది చేతిలో పెట్టి, ఎలా వేయాలో పక్కన నిలబడి చూపించాను. రెండుసార్లు సూది పక్కకు తీసి, చివరికి వేశాడు. మెల్లగ అని ఆయనకు చెప్పలేదామె.

ఒక పని మాత్రం రెండు రోజులు చేయలేకపోయాను. పుష్పకు ఫోన్. చెప్పకుండా ఉండిపోతే ఆమె కాస్తయినా అన్నం తింటుంది. చెబితే ఆ కాస్తా పోతుంది. కానీ ఆమె ఒంటి గురించి ఆఫీసులో మగవాళ్లకు తెలిసి ఆమెకు తెలియకపోవడం నాకు సరిగా అనిపించలేదు. ఆమె మేలు కోసం ఆమెకు చెప్పకుండా నేను నిర్ణయిస్తే, నాకూ మా ఆయనకూ తేడా ఏముంది? మూడో రోజు ఫోన్ చేసి చెప్పాను. వీడియో మేనేజరు దగ్గర ఉంది పుష్పా, ఆయన చూసినాడు, ఇంకెవరికి పోయిందో నాకు తెలీదు, నన్ను పనిలోంచి పక్కన పెట్టినారు అన్నాను. అవతల బిడ్డ ఏడుపు వినిపించింది. తర్వాత పుష్ప ఫోను పెట్టేసింది.

నాలుగు రోజులకు, పదకొండు గంటల వేళ, మా వాకిట్లో ఆటో ఆగింది. ముందు ముత్తమ్మ దిగింది. తర్వాత పుష్ప, చంకలో బిడ్డతో. కాన్పయి నెల కూడా కాలేదు, చెవులకు గుడ్డ కట్టుకుని ఉంది.

"అక్కా, మా ఆయన బెంగుళూరు నుంచి ఫోన్ సేసినాడు," అంది లోపలికి కూడా రాకుండా. "ఆడ ఆయనతో పని సేసేటోళ్లు సూసినారంట. మా బావే పంపినాడంట. నన్నే తిట్టినాడు. నేను సిగ్గుపడి మూసుకున్యా గూడా నన్నే తిట్టినాడు. ఇంగ దాచుకునేది ఏముందక్కా? స్టేషన్‌కి పోదాం. నువ్వు వస్తావా?"

నేను ముత్తమ్మ వైపు చూశాను. ఆ ఇంటికే పంపాల గదమ్మా అన్న మనిషి. ఆమె తల దించుకుని, "ఆ ఇంటికి పంపను తల్లీ. కూలికి ఇద్దరం పోయేటోల్లం, మల్ల ఇద్దరం పోతాం," అంది.

మా ఆయన మండీకి పోయి ఉన్నాడు. యాడికి, ఆయనకు సెప్పినావా అని మా అత్త లోపల్నుంచి అడుగుతోంది. చెప్పులు వేసుకున్నాను. సాక్షిగా నిలబడితే కంపెనీ మేనేజరు పేరు కూడా వస్తుంది, రెండు నెలల తర్వాత నన్ను మళ్లీ బండి ఎక్కనిస్తారన్న ఆశ అంతటితో పోవచ్చు. ఆటోలో కూర్చునేదాకా అది లెక్కలోకే రాలేదు. కూర్చున్నాక వచ్చింది. అయినా దిగాలనిపించలేదు.

స్టేషన్లో ఒక మహిళా కానిస్టేబులు పుష్పను కుర్చీలో కూర్చోబెట్టి, బిడ్డకు ఎండ తగలకుండా కిటికీ మూసి, మొత్తం నిదానంగా రాసుకుంది. ఎక్కడా తొందరపెట్టలేదు. పుష్ప చెప్పడం అయ్యాక నా వైపు తిరిగింది. పేరు అడిగింది, చెప్పాను. హ వదిలేయకుండా రాసిందా అని వంగి చూశాను. రాసింది. తర్వాత నా ముఖంలోకి పరీక్షగా చూసింది. నన్ను ఎక్కడ చూసిందో ఆమెకు గుర్తొచ్చినట్టుంది.

"మిమ్మల్ని సస్పెండ్ చేసినారంట గదమ్మా," అంది. "ఉద్యోగం దగ్గర ఏమని రాయాల?"

పుష్ప బిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. బిడ్డ నిద్రలో ఒకసారి వెక్కి ఊరుకుంది.

"ఈమెకు కాన్పు చేసినదాన్ని అని రాయండి," అన్నాను.